జూన్ నెలకు రాసిన నీడ

మా బావ పోయాడు. మా అక్క మొగుడు. ఈ మే నెలలోనే, మధ్యాహ్నం పూట, జగిత్యాల ఆసుపత్రిలో. ఫోను వచ్చినప్పుడు నేను కోరుట్ల అవతల రోడ్డు పని మీద ఉన్నాను. డాంబరు లారీ అప్పుడే వచ్చి ఆగింది. ఫోనులో మా అక్క ఏడవలేదు. "తమ్మీ, మీ బావ పోయిండు. ఎండల అస్తవు, నీళ్ళు తాగి బయలెల్లు" అన్నది. అది ఆమె మాట కాదు, ఆయన మాట. బతికినన్ని రోజులు ఎవరు గడప దాటుతున్నా ఆయన అన్న మాట, ఆయన పోయిన గంటకే ఆమె నోట్లోంచి వచ్చింది.

మరునాడు మల్లాపూర్ దగ్గర వాళ్ళ ఊళ్ళో దహనం. శవం లేవక ముందే ఆఫీసు మనిషి ఒకతను పెద్ద పూలదండతో కారు దిగాడు. ఏ ఆఫీసో చెప్పను. చెప్తే ఆ ఒక్క ఆఫీసే అట్లాంటిదనుకుంటారు. అతను దండ చేతిలో పట్టుకొని నలుగురికీ వినబడేలా అన్నాడు: "రోడ్డు కూలీలకు మధ్యాహ్నం విరామం ఆర్డరు వచ్చిందంటే ఈ పెద్దాయన వల్లే. వేరే దేశంలో ఉన్న మంచిని మన దగ్గరికి తెచ్చిన మనిషి."

జనం తలలూపారు. నేను ముందుకు వెళ్ళి అడిగాను.

"గా ఆర్డరు ఏ నెల నుంచి సారూ?"

"జూన్ సగం నుంచి."

"గిప్పుడు ఏ నెల?"

అతను మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"దండ ఏసి పో సారూ. భాషణం వద్దు" అన్నాను.

మా అక్క నా చెయ్యి పట్టుకొని వెనక్కి గుంజింది. చావు కాడ ఈ లొల్లి ఏందని నలుగురూ గొణిగారు. గొణగనీ. ఆయన లొల్లి చేయకుండా, చెప్పులు బయట విడిచి, నమస్తే పెట్టి అడిగాడు. ఏళ్ళకేళ్ళు అడిగాడు. దాని ఫలితం ఏమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ రాస్తాను. తొందర లేదు, చెప్పాల్సింది మాత్రం మొత్తం చెప్తాను.

మా బావ ఎవరింటికి వెళ్ళినా "తిన్నరా" అని అడగడు. "నీళ్ళు తాగిన్రా" అని అడుగుతాడు. తిండి లేని మనిషి పొద్దుగూకేదాకా నిలబడతాడు, నీళ్ళు లేని మనిషి మూడింటికే పడతాడు అనేవాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ తర్వాతి మాట ఇంకా కష్టం. "ఒంటికి పోతే ఏ రంగు అస్తున్నది?" అని మొహం మీదే అడిగేవాడు. గల్ఫ్‌లో వాళ్ళ క్యాంపు పాయిఖానా గోడకు మూత్రం రంగుల పటం ఒకటి అతికించి ఉండేదట. లేత పసుపుతో మొదలై చాయ్ రంగు దాకా పోయేదట. ఏ రంగు కాడికి వస్తే పని విడిచి నీళ్ళు తాగాలో దాని మీద గీత గీసి ఉండేదట. ఆ పటం ఆయన తలలో అచ్చు పడిపోయింది. ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దమనిషిని పక్కకు పిలిచి అదే అడిగాడు. ఆ పెళ్ళి అయిపోయేదాకా మా అక్క తల ఎత్తలేదు.

ఇరవై రెండేళ్ళు అక్కడ రోడ్లే వేశాడు. నేను ఇక్కడ రోడ్లు వేశాను. ఇద్దరిదీ ఒకటే పని, ఒకటే డాంబరు. తేడా ఏమిటంటే ఆయన వేసిన రోడ్డు మీద నేను ఎన్నడూ నడవలేదు, నేను వేసిన రోడ్డు మీదనే ఆయన శవం పోయింది.

ఆయన గల్ఫ్‌ను పొగిడే మనిషి కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆఫీసుల్లో ఆయనను దుబాయ్ పిచ్చోడని అన్నారు. ఎవడన్నా ఆ దేశం మంచిదంటే ఆయనకు కోపం వచ్చేది. "పాస్‌పోర్టు గుంజుకున్నరు. ఒక్క రూముల పన్నెండు మందిని పండవెట్టిన్రు. మా అవ్వ సచ్చిపోతే పంపలే. గా దేశంల నేర్సుకునేది ఏం లేదు బామ్మర్దీ, ఒక్కటే ఉన్నది" అనేవాడు. ఆ ఒక్కటి ఏమిటంటే, అక్కడ ఎండలు మండే నెలల్లో పగలు పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయట పని బందు. ఎంత పెద్ద కంపెనీ అయినా బందే.

ఆయన గల్ఫ్ వెళ్ళిన కొత్తలో ఆ రూలు లేదు. పక్కన పార పట్టిన మనిషి పార పట్టుకొనే కూలిపోవడం చూశాడు. తర్వాత రూలు వచ్చింది. రూలు వచ్చినా మొదటి రోజు ఎవరూ పని ఆపలేదట. రెండో రోజు తనిఖీ బండి వచ్చింది. అన్నాళ్ళూ వీళ్ళను తిట్టిన మేనేజరు ఆ బండి దుమ్ము కనబడగానే తానే ఉరికొచ్చి, చేతులు పట్టి లాగి, వీళ్ళను పరదా కిందకు తోలాడట. ఆ ముచ్చట చెప్పి బావ విరగబడి నవ్వేవాడు. "మామీద ప్రేమ, పాయిరం పుట్టలేదు వానికి. జుర్మానా భయం పుట్టింది. పుట్టనియ్, మాకైతే నీడ దొరికింది గద" అనేవాడు. పరదా దగ్గర బోర్డు ఉండేది. హిందీలో రాసి ఉంది, ఇంకా ఏవేవో భాషల్లో రాసి ఉంది, తెలుగులో లేదు. ఈయన సున్నంతో కింద తెలుగులో రాసుకున్నాడు: కూర్చోండి, నీళ్ళు తాగండి.

వాళ్ళ రూములో ఫిలిప్పీన్స్ మనిషి ఒకడు ఉండేవాడు. విమానం ఎక్కక ముందే ఆ దేశం సర్కారు వాళ్ళను కూర్చోబెట్టి, ఆపదొస్తే ఎవరి దగ్గరికి పోవాలో చెప్పి పంపిందట. "మరి మీ సర్కారు ఏం చెప్పి పంపింది?" అని అతను అడిగితే, ఏజెంటు తప్ప సర్కారును చూడని మా బావ "మాకు జల్ది పొమ్మని చెప్పిన్రు" అన్నాడట. ఇది కూడా నవ్వుతూనే చెప్పేవాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు అసలే రాదు.

పన్నెండేళ్ళ కింద తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే ఈ పన్నెండున్నర పాట పట్టుకున్నాడు. మొదట ఎగతాళి చేసింది ఎవరో కాదు, నేనే. నేను గుంపు మేస్త్రిని. నలభై ఏళ్ళ నుంచి ఈ రోడ్ల మీద ఉన్నాను. కోరుట్ల నుంచి సిరిసిల్ల దిక్కు పోయే రోడ్డులో ఎక్కడ ఎంత కంకర పడిందో కళ్ళు మూసుకొని చెప్తాను. ఎండలో నిలబడడం నా పౌరుషం. ఆ పౌరుషం సంగతే చెప్తాను ఇప్పుడు.

అయిదేళ్ళ కిందటి మే నెల. మా గుంపులో ఎల్లారెడ్డిపేట దిక్కు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఏడుగురు ఉన్నారు. వాళ్ళలో లచ్చవ్వ పెద్దది. మా బావ ఏదో కాగితం పట్టుకొని పని కాడికి వచ్చాడు. ఆఫీసుకు ఇవ్వడానికి అర్జీ, దాని మీద మా అందరి వేలిముద్రలు కావాలి. ఆయన నెత్తి మీద తడి తువ్వాల చూసి గుంపు అప్పటికే నవ్వుతోంది.

"ఏం దుబాయ్ సేటూ, ఎండకు కరిగిపోతవ్. లారీల కూసోరాదు" అన్నాను.

"నేను కూసునుడు కాదు బామ్మర్దీ. వీళ్ళను కూసోవెట్టు. పన్నెండున్నర అయింది."

"వీళ్ళు కూసుంటే డాంబర్ నువ్వు పరుస్తవా?"

"పొద్దుగాల ఐదింటికి తెప్పియ్, చల్లపూట పరువు. ఎవడద్దన్నడు?"

"మేం ఎండల పుట్టినం బావా. నువ్వే బయటి దేశం పోయి మెత్తవడ్డవ్."

గుంపు అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, కాగితం మడిచి, నీళ్ళ బిందె ఎత్తుకొని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. లచ్చవ్వ తట్ట నెత్తిన పెట్టుకొని ఉంది. "అన్నా, గీ తట్ట పోసి తాగుత" అన్నది. "ముందు తాగు" అన్నాడు బావ. "లారీ అయిపోనియ్ బావా, మాలు గట్టివడ్తది" అన్నాను నేను. ఆమె నా మాట విన్నది. మేస్త్రి మాట కదా.

పది అడుగులు వేసి ఆమె పక్కకు ఒరిగింది. డాంబరు తట్ట అవతల పడింది కాబట్టి కాలలేదు, అదొక్కటే మేలు. ఒళ్ళు నిప్పులా ఉంది, చెమట మాత్రం చుక్క లేదు. పక్కన నిలబడ్డ సొంత బిడ్డను తన తల్లి అనుకొని "అవ్వా, అవ్వా" అని పిలుస్తోంది. నేను పార పట్టుకొని బొమ్మలా నిలబడ్డాను. అన్నేళ్ళు రోడ్ల మీద ఉన్న మేస్త్రిని, ఏం చెయ్యాలో తెలియలేదు. మా బావకు తెలుసు. ఆమెను లారీ పక్కకు లాగాడు, బిందె మొత్తం ఒంటి మీద కుమ్మరించాడు, తడి బట్టలు చంకల్లో, మెడ కింద పెట్టించాడు, జేబులోంచి ఆ అర్జీ కాగితం తీసి దానితోనే విసిరాడు. లచ్చవ్వ బతికింది. నాలుగు రోజులు జగిత్యాల ఆసుపత్రిలో ఉంది. ఇప్పటికీ కుడిచెయ్యి వణుకుతుంది. ఎండ పొడ తగిలితే కళ్ళు తిరుగుతాయి. పనికి రాలేదు. ఆమె తట్ట ఆమె బిడ్డ ఎత్తుకుంది.

ఆ సాయంత్రం ఆసుపత్రి బయట బావ ఆ నలిగిన కాగితం నా ముందు పెట్టాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ ఒకటి అనేవాణ్ణి.

"సంతకం వెడ్తవా, ఏలు వెడ్తవా?" అన్నాడు.

"సంతకమే వెడ్త" అన్నాను.

అప్పటి నుంచి ఇద్దరం కలిసి తిరిగాం. మా రోడ్డు సగం జగిత్యాల కిందకు వస్తుంది, సగం సిరిసిల్ల కిందకు. జగిత్యాలలో అడిగితే సిరిసిల్ల వాళ్ళు ఒప్పుకోవాలన్నారు. సిరిసిల్లలో అడిగితే జగిత్యాల నుంచి కాగితం రావాలన్నారు. రెండు ఊళ్ళ నడుమ బస్సులో మా బావ కిటికీ పక్కన కూర్చొని, రోడ్డు మీద ఎక్కడ గుంపు కనబడినా గడియారం చూసేవాడు. అట్లా మూడు ఎండాకాలాలు గడిచాయి.

ఒకసారి ఒక పెద్ద ఇంజనీరు సారు మమ్మల్ని లోపలికి పిలిచాడు. ఏసీ గది. మంచి మనిషే, కుర్చీలు వేయించాడు. అప్పుడే ఆయన గల్ఫ్ వెళ్ళి వచ్చాడట. వేరే దేశాల్లో పనులు ఎట్లా జరుగుతున్నాయో చూసి నేర్చుకొని రమ్మని ఒక బృందాన్ని పంపారట. ఫోను తీసి ఫోటోలు చూపించాడు. ఆకాశం దాకా అద్దాల మేడలు, తళతళలాడే రోడ్లు, పూల తోటలు.

మా బావ ఒక్కో ఫోటో కళ్ళ దగ్గర పెట్టుకొని చూశాడు. "గీ రోడ్డు నాకు ఎరుకే సార్. పని నడుస్తనే ఉంటది ఆడ. మీరు ఏ నెలల పోయిన్రు, ఎన్ని గంటలకు తీసిన్రు గీ ఫోటో?"

"జూలైలో. భోజనం చేసి బయటికి వచ్చాక తీసినది, రెండు గంటలు అయి ఉంటుంది."

"జర చూడున్రి సార్. రోడ్డు తవ్వి ఉన్నది, మిషిన్లు ఉన్నయి. మనిషి ఉన్నడా?"

ఇంజనీరు ఫోను తీసుకొని చూశాడు. ఒక్క మనిషి లేడు.

"నేర్సుకోవాల్సింది మీ ఫోన్లనే ఉన్నది సార్. గా మనుషులు నీడల కూసున్నరు. మీరు మేడలు చూసి అచ్చిన్రు."

సారు ఫోను బల్ల మీద బోర్లించాడు. తర్వాత "అది వాళ్ళ దేశం పెద్దాయనా. వాళ్ళకు డబ్బుంది. ఇక్కడ అధ్యయనం చేయాలి, కమిటీ వేయాలి" అన్నాడు.

"నేను ఇరువై రెండేండ్లు అధ్యయనం చేసి అచ్చిన సార్. టికెట్టు గూడ నాదే" అన్నాడు మా బావ. లేచి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అడిగాడు: "సార్, ఏమనుకోకున్రి, ఒంటికి పోతే ఏ రంగు అస్తున్నది?" చాయ్ తెచ్చిన అటెండరు నవ్వాపుకోలేక పళ్ళెం కింద పెట్టేశాడు. నేను బయటికి వచ్చి బావను తిట్టాను. "ఏసీల కూసున్నోనికి గూడ ఒళ్ళు ఎండుతదిరా. నీళ్ళ సీస మూత సుత తియ్యలే, చూసినవా?" అన్నాడు. నిజమే, సీసా మూత తీయలేదు. ఆ మనిషి అంతగా చూసేవాడు ఎదుటివాణ్ణి. అట్లా చూడగలిగిన మనిషి ఆ ఆఫీసులో ఒక్కడు ఉంటే చాలు.

అయితే ఆ సారు ఊరికే కూర్చోలేదు. వారం తర్వాత కబురు పంపాడు. అక్కడి రూలు కాగితం ఏమన్నా మీ దగ్గర ఉందా, సాక్ష్యంగా పెడతాం అన్నాడు. మా బావ దగ్గర ఉంది. కంపెనీవాళ్ళు కూలీలకు పంచిన కాగితం, ఇంగ్లీషు, కింద హిందీ. పెట్టెలో బట్టల కింద ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు. అందులో మాకు అర్థమయ్యేవి గంటల అంకెలే. పన్నెండున్నర, మూడు. అంతే చూసుకొని సంతోషంగా తీసుకెళ్ళి ఇచ్చాడు. మేము చేసిన తప్పు అదే. నోటితో ఎన్నోసార్లు "ఎండకాలంల సార్, ఎండకాలంల" అని చెప్పాం. నోటి మాట గాలికి పోయింది. కాగితం ఫైలులోకి పోయింది.

కిందటేడు ఎండాకాలానికి ముందు ఆర్డరు వచ్చింది. కోరుట్లలో చాయ్ హోటల్ ముందు గుంపు మొత్తానికి మా బావ మిర్చి బజ్జీలు తినిపించాడు. అప్పటికే ఆయన కాళ్ళు వాచి ఉన్నాయి, మేము పట్టించుకోలేదు. ఆర్డరు తెలుగు నకలు నా చేతికిచ్చి "సదువు మేస్త్రీ, అందరు ఇనేటట్టు" అన్నాడు. నేను గొంతు సవరించుకొని కూడబలుక్కుంటూ చదివాను. బహిరంగ ప్రదేశాల్లో పనిచేసే కార్మికులకు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి వరుస చదివాను. జూన్ పదిహేను నుంచి సెప్టెంబర్ పదిహేను వరకు.

"మల్ల సదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను.

"గది వాళ్ళ ఎండకాలంరా" అన్నాడు మెల్లగా. చేతిలో బజ్జీ అట్లాగే ఉంది. "వాళ్ళకు గప్పుడు ఎండలు. మనకు గప్పుడు వానలు."

అక్కడి నెలలను అక్కడి నుంచి ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారు. ఎంతో చదివినవాళ్ళు. వాళ్ళ ఆఫీసు గోడకు క్యాలెండరు లేదా? మే నెలలో వాళ్ళు కారు దిగి లోపలికి పోయే పది అడుగుల్లో కూడా ఎండ తగలలేదా? ఆ ఫైలు మీద ఎన్ని సంతకాలు పడ్డాయో, ఒక్క సంతకం పెట్టిన చేతికైనా అనుమానం రాలేదు.

ఆ మే నెలంతా మిట్టమధ్యాహ్నం పని చేశాం. ఆర్డరు గోడకు అంటించే ఉంది. జూలైలో ముసురు పట్టింది. రోడ్డు పక్కల మట్టి పని చేస్తున్నాం, చల్లగా ఉంది, చేతులు బాగా ఆడుతున్నాయి. పన్నెండున్నరకు సూపర్‌వైజరు వచ్చి పని ఆపించాడు. తనిఖీ ఉందట. మమ్మల్ని పరదా కింద కూర్చోబెట్టాడు. పరదా ముందు కొత్త ఫ్లెక్సీ, దాని మీద నిప్పులు కక్కే సూర్యుడి బొమ్మ. పరదా చిల్లుల్లోంచి వాన కారుతోంది. రెండున్నర గంటలు అట్లా తడుస్తూ కూర్చుంటే ఆఫీసువాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. "నవ్వున్రి" అన్నాడు ఫోటో తీసేవాడు. లచ్చవ్వ బిడ్డ కొంగు పిండుకుంటూ, "ఎండ బాగ కొడుతున్నది సారూ, నవ్వస్తలేదు" అన్నది. పోయిన గంటలు పూర్తి చేయాలని పొద్దుగూకిందాకా పని చేయించారు. ఎల్లారెడ్డిపేట ఆడవాళ్ళకు బస్సు తప్పిపోయింది.

మళ్ళీ ఆఫీసుకు పోయాం. పాత సారు బదిలీ అయ్యాడు. కొత్త సారు ఫైలు తెప్పించి చూశాడు. "మీరిచ్చిన కాగితంలోనే ఇట్లా ఉంది కదా. మేం ఒక్క అక్షరం మార్చలేదు" అన్నాడు. మార్చకపోవడం గొప్ప అయినట్టు చెప్పాడు.

మా బావ ఆ రోజు మాత్రం గొంతు పెంచాడు. "సారూ, పసుపు విత్తనం ఎక్కడి నుంచన్న తెచ్చుకుంటం. పెట్టుడు మాత్రం మన వాన చూసి పెడ్తం గద. వాళ్ళ నెలల్ల ఎట్ల పెడ్తరు? వాళ్ళు ఎందుకు కూసోవెట్టిన్రో గది తెచ్చుకోవాలె. ఎప్పుడు కూసోవెట్టాల్నో మన సూర్యున్ని చూసి రాసుకోవాలె. రాసినంక ఓ బండి తిరగాలె. బండి లేకుంటే గీ కాగితం గోడకే."

"సవరణ అంటే మళ్ళీ మొదటి నుంచి రావాలి. అర్జీ పెట్టండి."

పెట్టాం. సంతకమే పెట్టాను.

వేరే దేశాల నుంచి నేర్చుకోవడం మనవాళ్ళకు రాదని నేను అనను. ఒక ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండు పక్కలా ఉన్న వేపచెట్లు, చింతచెట్లు కొట్టేశారు. నడుమ దిమ్మె కట్టి ఖర్జూరపు చెట్లు తెచ్చి నాటారు, గల్ఫ్‌లో అట్లాగే ఉంటాయని. వాటి నీడలో కుక్క కూడా పడుకోలేదు. మా బావ ఆ చెట్లను చూసి ఉమ్మేశాడు. అక్కడి నుంచి నీడ తెమ్మని ఆయన అడిగితే, వీళ్ళు చెట్టు బొమ్మ తెచ్చారు.

చలికాలం వచ్చేసరికి ఆయన కిడ్నీలు పనిచేయడం మానేశాయి. జగిత్యాలలో వారానికి మూడుసార్లు డయాలసిస్. అక్కడ పక్క మంచాల మీద కూడా గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. ఎండల్లో చేసిన పని ఇంత చేస్తుందని ఆయనకు డాక్టరు చెప్పక ముందే తెలుసు. ఆయన్ని ఇంకా కాల్చింది వేరే ఉంది. ఆ రోగానికి నీళ్ళు ఎక్కువ తాగకూడదు. రోజుకు కొలిచి గ్లాసుల లెక్కన ఇచ్చేది మా అక్క. ఎండలు ముదిరాక వెళ్ళి చూస్తే పెదవులు పగిలి ఉన్నాయి. తడిగుడ్డతో అద్దుకుంటున్నాడు.

"ఊరందరికి తాగున్రి తాగున్రి అని చెప్పిన బామ్మర్దీ. గిప్పుడు నన్ను తాగద్దంటున్నరు" అని నవ్వాడు.

ఏదో అనాలని "నీ రంగు ఎట్లున్నది బావా?" అన్నాను.

"రంగు గాదు, అచ్చుడే లేదు" అన్నాడు. మంచం మీద ఇద్దరం చాలాసేపు నవ్వాం. నర్సమ్మ వచ్చి కోప్పడింది.

నేను లేవబోతుంటే అడిగాడు. "నెలలు మార్చిన్రా?"

అబద్ధం చెప్పవచ్చు. మా అక్క కళ్ళతోనే చెప్పమన్నది. నాకు చేతకాలేదు. "ఇంక లేదు బావా" అన్నాను. ఆయన తల పక్కకు తిప్పుకొని, "నేను గా కాగితం ఇయ్యకుంటె బాగుండు" అన్నాడు. నాతో అన్న ఆఖరి మాట అది. తప్పు చేసినవాళ్ళు ఏసీలో కూర్చొని ఒక్క అక్షరం మార్చలేదని గర్వపడుతుంటే, నీళ్ళ చుక్కకు ముఖం వాచిన మనిషి తప్పు నాదే అనుకుంటూ పోయాడు. నా కోపం అక్కడుంది. అందుకే ఆ దండ పట్టుకొచ్చినతన్ని అట్లా అన్నాను. మళ్ళీ వస్తే మళ్ళీ అంటాను.

పదకొండో రోజు అయిపోయిన తెల్లారి నేను పనికి వెళ్ళాను. ఇంకా మే నెలే. పన్నెండు దాటాక డాంబరు లారీ వచ్చింది. నేను గడియారం చూశాను, పన్నెండున్నర. పార కింద పడేసి, "కూసోన్రి" అన్నాను. గుంపు నమ్మలేదు. మొదట నేను కూర్చున్నాను. డెబ్బై ఏళ్ళు దగ్గర పడ్డ మోకాళ్ళు, కూర్చోవడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత లచ్చవ్వ బిడ్డ తట్ట దింపింది. తర్వాత అందరూ.

సూపర్‌వైజరు ఉరికొచ్చాడు. "తాతా, ఏందిది? ఆర్డర్ల జూన్ నుంచి ఉన్నది. మాలు గట్టివడ్తది."

"పొద్దుగాల ఐదింటికి తెప్పియ్ బిడ్డా, అందరికంటె ముందుంట. గిప్పుడు లేవ."

"కంట్రాక్టర్ సేటుకు ఫోన్ చేస్త. రేపట్నుంచి వేరే గుంపు అస్తది, చూసుకో."

"చెయ్యి. నీళ్ళు తాగి చెయ్యి."

అతను ఫోను చెవికి పెట్టుకొని ఎండలో అటూ ఇటూ తిరిగాడు. దగ్గరలో ఒక్క చెట్టు లేదు. ఉన్నది లారీ ఒక్కటే. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు కాబట్టి లారీ పక్కన నీడ జానెడే ఉంది. పద్నాలుగు మందిమి ఆ జానెడు నీడలో వీపులు చక్రాలకు ఆనించి, మోకాళ్ళు గుండెలకు గుంజుకొని వరుసగా కూర్చున్నాం. బిందె చేతులు మారుతూ పోయింది. నీడ జానెడు నుంచి మూరెడు అయింది, అందరం కాళ్ళు కొంచెం చాపుకున్నాం. రెండు మూరలు అయింది. గంట మూడు అయ్యేసరికి మనిషి పడుకునేంత అయింది. లచ్చవ్వ బిడ్డ ఆ నీడలో చెయ్యి తల కింద పెట్టుకొని నిద్రపోయింది. ఇక లేవాలి, మూడు కొట్టింది. అందరూ నా మొహం చూశారు. సూపర్‌వైజరు కూడా ఫోను దింపి చూశాడు. ఆ రోజు వాళ్ళమ్మ ఒంటి మీద చుక్క లేని చెమట, ఆమె నుదుటి మీద సన్నగా మెరుస్తోంది. లేపండి అని నేను అనలేదు.